పొగ వాసన కోటు

మోయ్రా ఇంటికి వెళ్ళేసరికి వాన.
బెల్‌ఫాస్ట్‌లో వాన పడిందని చెప్పడం
చేపకి ఈతొచ్చని చెప్పడం లాంటిదే.
తలుపు తీసి, మాటా పలుకూ లేకుండా చెయ్యి చాచింది.
కరచాలనమనుకుని నా చెయ్యిచ్చాను.
"సంచి," అంది.
వేళాకోళమని అర్థమయ్యేలోపే
నా జిప్పు సగం తీసేసి ఉంది.

డెబ్బై తొమ్మిదేళ్ళు.
అందులో పదకొండు, ఊరి నడిబొడ్డున
ఇనప గేటు పక్కన రేకుల గూట్లో నిలబడి
ఆడవాళ్ళ సంచులు వెతికింది.
టోపీ ఇచ్చారట, కోటు ఇచ్చారట,
చలికి చేతి తొడుగులు మాత్రం ఎవరిది వాళ్ళే.

ఏం దొరికేవి?
"ఏం దొరకలేదో అడుగు."
కట్టుడు పళ్ళు. మాడిన రొట్టె.
అరిగిపోయిన జపమాల, దాని కిందే గుర్రప్పందెం చీటీ.
ఒకావిడ సంచిలో బతికున్న పీత
(చూపుడు వేలు ఇదిగో, మచ్చ).
ఇంకో పిల్ల దగ్గర పోస్టు చెయ్యని ఉత్తరం.
"చదవలేదు. మడత చూస్తే తెలీదూ?"

బాంబు?
"నా గేటు దగ్గర ఒక్కటీ లేదు.
పక్క వీధి గేటు దగ్గర..."
చెంచా టీ కప్పులో చాలాసేపు తిరిగింది.
ఆవిడ చక్కెర వేసుకోదు.

యూనివర్సిటీ వాళ్ళిచ్చిన కాగితం తీసి చదివాను:
తీవ్రవాదం మీ రోజువారీ జీవితాన్నీ, ప్రభుత్వాన్నీ
నిజంగా మార్చిందా?
అవును, కాదు, చెప్పలేను. మూడు గళ్ళు.

"ఆ చట్టం కొన్నాళ్ళకే అన్నారు.
చుట్టపు చూపుగా వచ్చింది, చూరు పట్టుకు వేలాడింది.
ఏటా లండన్‌లో కూర్చుని
ఇంకొక్క ఏడాది ఉండనిద్దామనేవాళ్ళు.
మా తమ్ముడు డెక్లన్‌ని ఏడు రోజులుంచారు.
ఏ నేరమూ రాయకుండానే వదిలేశారు.
చేతి గడియారం తిరిగివ్వలేదు.
మళ్ళీ కొనుక్కోలేదు వాడు. ఇప్పటికీ
టైమెంతయిందని దారినపోయేవాళ్ళని అడుగుతాడు."

ఆ చట్టం పోయింది కదా, అన్నాను.
"పోయింది పాపం.
పిల్లలంతా మంచి ఉద్యోగాల్లో ఉన్నారు."

మరి రోజువారీ బతుకు?
"అది మొండి ఘటం.
పేలుడైన నాలుగో రోజే షాపు తెరిచి
పొగ పట్టిన సరుకు సగం ధరకని బోర్డు పెట్టేవాళ్ళు.
తోసుకుంటూ వెళ్ళేవాళ్ళం, ఏమనుకున్నావు!
అదిగో, తలుపు వెనక వేలాడే నీలం కోటు.
ఎన్ని ఉతుకులు ఉతికినా
తడిస్తే చాలు, ఆ శుక్రవారం వాసనే."

గేట్లు పీకేశారు. అక్కడిప్పుడు
లారీలు దూసుకురాకుండా కాంక్రీటు తొట్లు,
తొట్లలో పసుప్పచ్చ పూలు.
బడి పిల్లలు వాటిమీద కూర్చుని చిప్స్ తింటారు.
పూలదేం తప్పు, బాగానే పూస్తాయి.

ఒప్పందం కుదిరిన ఏడాది పుట్టినవాణ్ణి.
విమానం ఎక్కాలంటే బూట్లు, బెల్టు విప్పుతాను,
వాటి గురించి ఇంతవరకూ ఆలోచించలేదు.
ఆవిడకి చెప్తే నిట్టూర్చింది.
"మీ అమ్మ మోకాలెలా ఉందని అడుగుతూ వెతికేదాన్ని నేను.
స్తంభాల మీది కెమెరాలకి
ఎవరి మోకాలూ పట్టదు."

రికార్డరు కట్టేస్తుంటే అప్పుడు చెప్పింది.

డిసెంబరు, సాయంత్రం, పొడుగాటి వరస.
అందులో సొంత తల్లి.
వెనక సూపర్‌వైజరు. ముందుకి పొమ్మని
కళ్ళతో సైగ చెయ్యొచ్చు.
వెతికింది.
సంచిలో రెండు నారింజలు, ఆవిడకనే కొన్న మేజోళ్ళు.
తల్లి చేతులు పైకెత్తి
కూతురి భుజం మీదుగా గోడకేసి చూసిందట.
ఇంటికెళ్ళాక అన్నం పెట్టింది, అన్నీ మాట్లాడింది.
"అమ్మ పోయేదాకా మళ్ళీ నా ఎదుట
సంచి తెరవలేదు.
ఏ గడిలో పెడతావో పెట్టుకో."

మూడు గళ్ళూ ఖాళీగానే మడిచాను.

గుమ్మంలో, ఏమనిపించిందో, దగ్గరికి తీసుకుంది.
తేలికపాటి ఒళ్ళు, సబ్బు వాసన.
నా భుజాల మీది చేతులు
వీపు మీదుగా నడుం దాకా జారి
కోటు జేబుల దగ్గర
ఒక్క క్షణం ఆగాయి.
ఆవిడకి తెలీదు.
కదలకుండా నిలబడ్డాను, పూర్తి చెయ్యనిచ్చాను.